ఆదాయం తక్కువే: అమెరికాలో రిటర్న్ వేయడం మేలా, మానడం మేలా?

2025లో మీకు వచ్చిన జీతం మొత్తం 12,000 డాలర్లే అనుకుందాం. పెళ్లి కాలేదు, వయసు 65 లోపు. ఇలాంటివారికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను రిటర్న్ తప్పనిసరయ్యే పరిమితి 15,750 డాలర్లు. చట్టం అడగడం లేదు కాబట్టి ఊరుకోవచ్చా, అడగకపోయినా వేయాలా? వేయడమే మేలంటాను.

ఒకసారి డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) తీసి రెండో గడి చూడండి. మీ జీతంలో కోత పెట్టి కంపెనీ ముందే కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు కట్టిన పన్ను అది. అక్కడ 500 ఉంటే ఆ 500 మీ కష్టార్జితం. రిటర్న్ వేయకపోతే తిరిగి రాదు. గడువు తేదీ దాటాక మూడేళ్లు గడిస్తే అడిగే హక్కూ పోతుంది. ఇంకో సంగతి: ఐఆర్ఎస్ అదనపు పన్ను వేయడానికి మామూలుగా ఉండే మూడేళ్ల గడువు మీరు రిటర్న్ వేశాకే మొదలవుతుంది. వేయని ఏడాదికి ఆ గడువే ఉండదు.

ఫెడరల్‌కు అక్కర్లేదంటే రాష్ట్రానికీ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదం. అదే 12,000 న్యూజెర్సీలో ఉంటూ సంపాదిస్తే రాష్ట్ర రిటర్న్ వేయాల్సిందే, ఒంటరివారికి అక్కడి పరిమితి 10,000. పెన్సిల్వేనియాలో పన్ను పడే ఆదాయం 33 డాలర్లు దాటితే చాలు. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్నే లేదు. ఏడాది మధ్యలో డాలస్ నుంచి ఎడిసన్‌కు మారితే న్యూజెర్సీ తన పరిమితిని మీ ఏడాది మొత్తం ఆదాయంతో పోల్చి చూస్తుంది. కాబట్టి డబ్ల్యూ-2లో 15, 17 గడులు కూడా చదవాలి: ఏ రాష్ట్రం, ఎంత కోత అన్నది అక్కడే ఉంటుంది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుకుంటున్న పిల్లలకు ఈ ఎంపికే లేదు. సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు వాళ్లు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్లు, 15,750 పరిమితి వాళ్లకు వర్తించదు. క్యాంపస్ ఉద్యోగంలో జీతం తీసుకుంటే నాన్‌రెసిడెంట్ల రిటర్న్ ఫారం 1040-ఎన్ఆర్ వేయాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం పుణ్యమా అని మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే స్థిర మొత్తం) దొరుకుతుంది. చాలా దేశాల విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు. కానీ రిటర్న్ వేస్తేనే అది చేతికందుతుంది. ఆదాయం ఒక్క డాలరూ లేకపోయినా, అమెరికాలో ఉన్న రోజులను నివాస లెక్కలోంచి మినహాయించమని చెప్పే 8843 ఫారం పంపాలి. సీనియర్లు ఈ మాట జూనియర్లకు తప్పక చెప్పాలి.

మరి మానడం ఎప్పుడు సబబు? ఆదాయం పరిమితి లోపే ఉండి, రెండో గడిలో సున్నా ఉండి, పన్ను కట్టకపోయినా డబ్బుగా చేతికొచ్చే క్రెడిట్లేవీ (పన్ను రాయితీలు) లేక, రాష్ట్రమూ అడగకపోతే నిశ్చింతగా మానవచ్చు. సొంతంగా ట్యూషన్లు చెప్పో డెలివరీలు చేసో ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలించుకున్నవారు మాత్రం వేయాల్సిందే. 40 డాలర్ల రిఫండ్ కోసం 150 డాలర్ల ఫీజు ఇవ్వమని నేను చెప్పను. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఐఆర్ఎస్ మద్దతుతో నడిచే విటా సహాయ కేంద్రాల్లో ఉచితంగానే చేసిపెడతారు. విద్యార్థులైతే ఆ కేంద్రంలో 1040-ఎన్ఆర్ చేస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అన్నిచోట్లా చేయరు.