చపాటా రంగు, తేజా కారం: ఘాటు రొమాన్స్ సిరీస్‌లు ఏళ్ల తరబడి చదివాక

రొమాన్స్ నవల ఎంత ఘాటుగా ఉందో చెప్పడానికి పాఠకులు మిర్చి బొమ్మలు వాడతారు. ఒక మిర్చి అంటే ముద్దు దగ్గర ఆగిపోయేది, ఐదు మిర్చీలంటే పడగ్గది తలుపు మూయని పుస్తకం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు రావడం చూసినవాళ్లకు ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో వెంటనే తెలుస్తుంది. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చి ఎర్రగా, టమాటలాగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. తేజా సన్నగా ఉంటుంది గాని కొరికితే కళ్లలో నీళ్లొస్తాయి. ఐదు మిర్చీల మార్కు పడ్డ సిరీస్‌లలో చాలావరకు చపాటా రకమే.

ఏడెనిమిదేళ్లుగా ఇంగ్లిష్ సమకాలీన రొమాన్స్ సిరీస్‌లు, వాటితోపాటు ఫోన్ యాప్‌లలో భాగాలుగా వచ్చే తెలుగు సీరియళ్లు చదువుతూ వచ్చాక నా దగ్గర మిగిలిన కొలత ఒక్కటే. శృంగార సన్నివేశం అయిపోయిన తర్వాతి పేజీలో ఇద్దరి మధ్య ఏమైనా మారిందా? ఎవరి మీదా ఆధారపడొద్దని ఇంటి తాళంచెవి ఎప్పుడూ మెడలోనే వేసుకొని తిరిగే అమ్మాయి, మర్నాడు పొద్దున దాన్ని తీసి అతని చేతిలో పెట్టి స్నానానికి పోతుంది. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. రాత్రి జరిగింది కథలో భాగమైంది. అట్లా కాకుండా ఇద్దరూ మళ్లీ అదే పాత గొడవ దగ్గర మొదలైతే, నడుమ 12 పేజీలు చింపేసినా నవల అట్లనే నిలబడుతుంది. ఒక పుస్తకంలో అలాంటివి మూడు వచ్చాయంటే నాలుగోది చదవకుండానే వేలు పేజీ తిప్పేస్తుంది.

సిరీస్ అనే మాటతో మొదట్లో చాలామంది మోసపోతారు. పాత పుస్తకాల దుకాణాల్లో కనిపించే సన్నపాటి మిల్స్ అండ్ బూన్ పుస్తకాలు సిరీస్ కావు, ఒక వరుస మాత్రమే. 1908లో లండన్‌లో మొదలైన ఆ సంస్థను 1971లో కెనడా వాళ్ల హార్లెక్విన్ కొన్నది, 2014లో హార్లెక్విన్‌ను హార్పర్‌కాలిన్స్ కొన్నది. అందులో మోడర్న్ అనే వరుస పుస్తకం సుమారు 50,000 పదాలు. నిమిషానికి 200 పదాలు చదివేవాళ్లకు నాలుగు గంటల పని, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి వచ్చేలోపు అయిపోతుంది. చాలావరకు ఒక పుస్తకానికి ఇంకో పుస్తకంతో సంబంధం ఉండదు, ఎక్కడినుంచైనా మొదలుపెట్టొచ్చు.

అసలు సిరీస్‌లు రెండు రకాలు. మొదటి రకంలో ఒక కుటుంబంలోని అన్నదమ్ములో, ఒక ఆటజట్టులోని స్నేహితులో, ఒక చిన్న ఊరివాళ్లో ఉంటారు, పుస్తకానికొక జంట. విడివిడిగా చదివినా అర్థమవుతాయని అట్ట మీద రాస్తారు. అర్థమవుతాయి నిజమే గాని మూడో పుస్తకం తెరిస్తే మొదటి రెండు జంటలూ పెళ్లై, పిల్లల్నెత్తుకొని కనిపిస్తాయి, ఇక వెనక్కి పోయి చదవడంలో ఉత్కంఠ మిగలదు. వరుసగానే చదవండి. రెండో రకంలో ఒకే జంట కథ రెండు మూడు పుస్తకాలు సాగుతుంది, మొదటి పుస్తకం గుండె ఆగేచోట ముగుస్తుంది. ఈ రకం అన్ని భాగాలూ వచ్చేదాకా ముట్టుకోకపోవడం మంచిది. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఏడాది గడిస్తే ఆ వేడి చల్లారిపోతుంది, మళ్లీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది.

ముగింపు ముందే తెలిసిన కథల్ని ఎందుకు చదవాలని అడిగేవాళ్లున్నారు. అమెరికాలో 1980లో ఏర్పడ్డ రొమాన్స్ రచయితల సంఘం ఈ సాహిత్యానికి పెట్టిన షరతులు రెండే: కథకు నడిమధ్యన ప్రేమ ఉండాలి, ముగింపు మనసు నింపి ఆశ కలిగించాలి. కాబట్టి కలుస్తారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కానే కాదు. కలవకుండా ఇన్నాళ్లూ ఏది ఆపింది, దాన్ని ఎవరు వదులుకున్నారు అన్నదే కథ. దీపావళికి టపాసు పేలుతుందని అందరికీ తెలుసు, అయినా వత్తి కాలేదాకా చూస్తూనే నిలబడతాం కదా.

350 పేజీల నవలలో ఏది ఎక్కడ వస్తుందో కొన్నాళ్లకు చేతికి తెలిసిపోతుంది. పదో వంతులోపు ఇద్దరూ ఎదురుపడాలి. మూడో వంతు దగ్గర మొదటి ముద్దు. సగానికి అటూ ఇటుగా మొదటి పెద్ద సన్నివేశం. 75 నుంచి 80 శాతం మధ్య ఎడబాటు. చివర ఒక ముక్తాయింపు, అందులో ఉంగరమో పసిబిడ్డో. ఈ క్రమం మారితే తప్పేం లేదు, మారడానికి కారణం ఉండాలి. పదిహేను శాతంలోనే పడగ్గదికి చేరిన కథ ఆ తర్వాత దేనిమీద నడవాలో రచయిత్రి ముందే ఆలోచించి ఉండాలి. ఆలోచించనప్పుడు అదే సన్నివేశం వంటింట్లో, కారులో, హోటల్ గదిలో మళ్లీ మళ్లీ వస్తుంది. గది మారుతుంది, మనుషులు మారరు.

సిరీస్‌లు ఎక్కువగా బోల్తా పడేది ఆ 75 శాతం దగ్గరే. సగం మాట విని, మిగతా సగం అడగకుండా సూట్‌కేసు సర్దుకొని వెళ్లిపోయే హీరోయిన్ ఇప్పటికీ కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ల మనిషి, మంచి ఉద్యోగం చేస్తున్న మనిషి, ఒక్క ఫోన్ చేసి అడగలేదా అనిపిస్తుంది. మంచి ఎడబాటు మొదటి పేజీలో ఉన్న లోపం నుంచే పుడుతుంది. డబ్బుతో ఏదైనా సరిచేయొచ్చని నమ్మే మనిషి ఆమెకు చెప్పకుండా ఆమె అప్పు తీర్చేస్తాడు. అతను మంచే చేశాడు, ఆమెకు కోపం రావడమూ న్యాయమే. చదివేవాళ్లు ఇద్దరి పక్షాన నిలబడాల్సి వస్తే ఆ ఎడబాటు పండినట్టు.

పుస్తకాలు ఎందుకింత లావెక్కుతున్నాయో అర్థం కావాలంటే డబ్బు లెక్క తెలియాలి. నెలచందా కట్టి చదివే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నుంచి రచయితలకు చదివిన పేజీల లెక్కన చెల్లిస్తున్నారు. మూడు వందల పేజీల్లో అయ్యే కథ ఐదు వందలకు సాగడం వెనుక ఇదీ ఒక కారణమని నా అంచనా. అదనపు ముక్తాయింపులు, పాత జంటల పుట్టినరోజు విందులు అన్నీ పేజీలే. ఇంకో సంగతి, ఆ చందాలో పెట్టాలంటే ఈ-పుస్తకాన్ని 90 రోజుల గడువుల చొప్పున అక్కడ మాత్రమే ఉంచాలి. గడువు అయ్యాక రచయిత తీసేయొచ్చు. అందుకే ఐదు పుస్తకాల సిరీస్‌లో రెండు చదివాక మూడోది చందాలో కనిపించకపోవచ్చు. మొదలుపెట్టే ముందే అన్ని భాగాలూ ఉన్నాయో లేవో చూసుకోండి.

నా అనుభవంలో ఐదు పుస్తకాల సిరీస్‌లో రెండోదో మూడోదో బాగుంటుంది. మొదటిదాంట్లో పదిమంది మనుషుల్ని పరిచయం చేయడానికే పేజీలు ఖర్చవుతాయి. అందరూ ఎదురుచూసే జంటను, ఎప్పుడూ మూతి ముడుచుకొని ఉండే పెద్దన్న కథను, చివరికి దాచిపెడతారు. నాలుగు పుస్తకాలుగా మనం ఊహించుకున్నదాన్ని ఆ ఒక్క పుస్తకం మోయలేదు.

ఐస్ హాకీ జట్ల సిరీస్‌లు ఇప్పుడు మస్తుగా వస్తున్నాయి. మంచు మీద ఆట మనకు తెలియదని వెనుకాడక్కర్లేదు. మూడు సంగతులు తెలిస్తే చాలు. అమెరికా, కెనడాల పెద్ద లీగ్‌లో సీజన్ అక్టోబర్ ప్రాంతంలో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది, గెలిచే జట్లకు ఆపైన జూన్ దాకా. ఎనభైకి పైగా మ్యాచ్‌లలో సగం వేరే ఊళ్లలో. క్లబ్బు అనుకుంటే చాలామంది ఆటగాళ్లను వాళ్లను అడగకుండానే ఇంకో నగరపు జట్టుకు మార్చేయొచ్చు. ఈ మూడోదే ప్రేమకథకు ప్రాణం. ఆమె ఉద్యోగం ఇక్కడ, అతను రేపు ఎక్కడుంటాడో అతనికే తెలియదు. దీన్ని వాడుకున్న సిరీస్‌లు నిలబడ్డాయి. జెర్సీ తొడిగి కండలు చూపించడానికే హాకీని తెచ్చుకున్నవి రెండో పుస్తకానికే నీరసించాయి.

ఒక అధ్యాయం ఆమె నోట, ఒక అధ్యాయం అతని నోట నడిచే పద్ధతి ఇప్పుడు దాదాపు నియమమైంది. దీనికి తేలిక పరీక్ష ఉంది. ఉచితంగా వచ్చే నమూనా, సుమారు పదో వంతు పుస్తకం, దింపుకొని అధ్యాయం పైన పేరు చూడకుండా నడుమ ఒక పేజీ చదవండి. మాట్లాడేది ఎవరో పది వాక్యాల్లో తెలియకపోతే వదిలేయండి. చందాలో తీసుకున్న పుస్తకమైతే లోపల వెతికే సదుపాయం వాడండి. అతను 'స్మర్క్' చేశాడన్న (పెదవి కొసన గర్వంగా నవ్వాడన్న) మాట 40 సార్లు వచ్చిందంటే రచయిత్రికి అతని ముఖం మీద ఇంకో కవళిక తోచలేదని అర్థం.

ఆ 'స్మర్క్' దగ్గరే తెలుగులో అసలు చిక్కు మొదలవుతుంది. యాప్ సీరియళ్లలో ఇంగ్లిష్ మూస నుంచి దించుకున్న కథల్లో అది 'వంకరగా నవ్వాడు' అవుతుంది. మన చెవికి వంకర నవ్వు విలన్‌ది. 'గ్రౌల్' చేశాడన్నది 'గుర్రుమన్నాడు' అవుతుంది, అది కుక్కకు వాడే మాట. ప్రేమించిన అమ్మాయి ముందు గుర్రుమనే మనిషిని ఏ తెలుగు పాఠకురాలు ఇష్టపడుతుంది? సన్నివేశం వేడెక్కగానే ఇంకో ప్రమాదం. అప్పటిదాకా బస్టాండులో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్న ఇద్దరూ ఉన్నట్టుండి ప్రబంధంలోకి జారిపోతారు. పెదవులు అధరాలవుతాయి, కౌగిలి పరిష్వంగమవుతుంది. పెదవి, మెడ, నడుము, ఊపిరి, చెమట: ఈ ఐదు మామూలు మాటలతో ఎంత ఘాటు సన్నివేశమైనా రాయొచ్చు.

ఇంగ్లిష్‌కు లేని ఆయుధం మనకొకటి ఉంది. వాళ్లకు 'యూ' ఒక్కటే. మనకు 'మీరు' ఉంది, 'నువ్వు' ఉంది. ఆఫీసులో మూడు నెలలు 'మీరు తిన్నారా' అన్న మనిషి, వాన పడుతున్న ఒక సాయంత్రం గొంతు తగ్గించి 'తిన్నవా?' అంటే, ఆ ఒక్క మాట తేడాలో ఇంగ్లిష్ నవల 40 పేజీలు పెట్టి తెచ్చుకునే దగ్గరితనం ఉంది. తెలుగు సీరియళ్లు దీన్ని చాలాసార్లు మొదటి భాగంలోనే పారేసుకుంటాయి. హీరో పరిచయమైన గంటకే ఏయ్, ఒసేయ్ అంటాడు. ఆ తర్వాత దిగడానికి మెట్టే ఉండదు.

హన్మకొండలో నడిచే కథల్లో హీరో 'ఎందుకలా చూస్తున్నావు?' అంటాడు, అతని ఇంటి వాచ్‌మన్‌కు మాత్రం 'ఏంది సార్ గట్ల జూస్తున్నరు' అన్న మాట ఇస్తారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఇక్కడ ప్రేమించుకునేవాళ్లు కూడా ఇక్కడి భాషలోనే ప్రేమించుకుంటారు. 'ఎందుకట్ల చూస్తున్నవ్?' అని ఒక అమ్మాయి తల దించుకొని అడిగితే ఏ యాసలోనూ లేనంత మెత్తగా ఉంటుంది. ఆ వాక్యంతో ఒక భాగం ముగిసిన సీరియల్ ఒకటి చదివాను. మిగతా కథ అంతంతే గాని ఆ చోటు ఇప్పటికీ గుర్తుంది.

సీరియల్ మొదలుపెట్టే ముందు రెండు చూసుకోవాలి. కథ 'పూర్తయింది' అని ఉందా, 'కొనసాగుతోంది' అని ఉందా. ఎన్ని భాగాలు. భాగం వెయ్యి పదాల చొప్పున వంద భాగాలంటే ఒక పెద్ద నవల. యాప్‌లో కొనుక్కున్న నాణేలు పెట్టి భాగాలు తెరిచే చోట, మొత్తం తెరవడానికి ఎంతవుతుందో ఐదో భాగంలోనే గుణించుకోండి. నా చేత 60 భాగాలు చదివించి రచయిత ఆపేసిన సీరియల్ ఉంది, పెట్టిన నాణేలు తిరిగి రాలేదు. జ్ఞాపకశక్తి పోవడం, కవల చెల్లెలు దిగడం 70వ భాగం దాటాక కనిపించాయంటే కథ అయిపోయింది, రోజువారీ భాగం మాత్రం మిగిలింది.

అట్ట చూసి నమ్మొద్దు. ఈ మధ్య ఘాటైన పుస్తకాలకూ కార్టూన్ బొమ్మల అట్టలే వేస్తున్నారు, పిల్లల పుస్తకమేమో అనిపిస్తుంది. ఇంట్లో టీనేజీ పిల్లలుంటే ఇది గుర్తుంచుకోవాలి, ఐదు మిర్చీల పుస్తకం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. మొదటి పేజీల్లో హెచ్చరికల జాబితా ఉంటే దాటేయకుండా చదవండి. అపహరణ, బలవంతం లాంటివి అందులో కనిపిస్తే అది డార్క్ రొమాన్స్, వేరే రకం. మామూలు సిరీస్‌లో ఆమె 'వద్దు' అన్నాక అతను ఆగాడా, జాగ్రత్త తీసుకున్నారా అన్నవి రెండు వాక్యాల్లో చెప్పే రచయిత్రుల పుస్తకాల్లో వేడి ఏమాత్రం తగ్గలేదు, పైగా నమ్మకం పెరిగింది.

ఆడియో పుస్తకాలైతే ఇద్దరు కళాకారులు చదివినవే తీసుకోండి, 350 పేజీలకు సుమారు పది గంటలవుతుంది. బస్సులో వినేటప్పుడు లాక్ స్క్రీన్ మీద అట్ట బొమ్మ పెద్దగా కనబడుతుంది. పక్క సీటువాళ్ల కళ్లు పడకుండా చూసుకోండి. ఇంట్లో అందరిదీ ఒకే ఖాతా అయితే మీరు చదివినదాన్ని బట్టి వచ్చే సిఫారసులు అత్తగారి టాబ్లెట్‌లోనూ కనిపిస్తాయి, కాబట్టి చదవడానికి వేరే ఖాతా తెరుచుకోండి.