లండన్ మంటల మీద ఒక్క పుస్తకమే చదవాలంటే ఏది మేలు?

మా అక్క కొడుకు ఈ సెప్టెంబరులో పైచదువుకు లండన్ పోతున్నాడు. వీసా టెన్షన్ తీరిన మర్నాడు హన్మకొండలో మా ఇంటికి వచ్చి, పుస్తకాల బీరువా ముందు నిలబడి అడిగాడు: "మామా, లండన్ తగలబడ్డ ముచ్చట నువ్వు నా చిన్నప్పటి సంది చెప్తున్నవ్ గదా. దాని మీద ఒక్కటే పుస్తకం చెప్పు. రెండు చెప్పకు, బ్యాగుకు 23 కిలోలే."

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. ఆదివారాలు మేం కొంతమందిమి కూర్చుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. అక్కడ కూడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. పీటర్ ఆక్రాయిడ్ రాసిన 'లండన్: ద బయోగ్రఫీ'నా, ఏడ్రియన్ టినిస్‌వుడ్ రాసిన 'బై పర్మిషన్ ఆఫ్ హెవెన్'నా, శామ్యూల్ పీప్స్ డైరీనా? (స్పెల్లింగు చూసి పెపీస్ అనేస్తాం, పలకాల్సింది పీప్స్.) మూడూ రెండు మూడుసార్లు చదివినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

1666లో లండన్ తగలబడ్డ కథ మొదటి నుంచి చెప్పను. సెప్టెంబరు 2, ఆదివారం, అర్ధరాత్రి దాటాక పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ బేకరీలో నిప్పు అంటుకుంది. తూర్పు గాలికి నాలుగు రోజులు మండింది. 13,200 ఇళ్లు, 87 చర్చిలు, పాత సెయింట్ పాల్స్ పెద్ద చర్చి కాలిపోయాయి. ఇవి అందరికీ తెలిసినవే. ఒక్క మాట మాత్రం చెప్పాలి, చాలామంది తప్పుగా అనుకుంటారు గనుక. ఆ పుడ్డింగ్ తియ్యటి పుడ్డింగ్ కాదు. మనం బోటి అంటామే, అది. మాంసం కొట్ల నుంచి పేగులూ బోటీ ఆ సందులోంచే నది మీది పడవల దాకా మోసుకుపోయేవాళ్లు. బోటి సందు అనుకుంటే ఆ వీధి వాసనతో సహా తెలుస్తుంది.

ముందు ఆక్రాయిడ్. 2000లో వచ్చింది, దాదాపు 800 పేజీలు. ఊరిని ఒక మనిషి అనుకుని రాసిన జీవితచరిత్ర ఇది. ఏళ్ల వరసలో కాకుండా ఊరి చప్పుడు, తిండి, జైళ్లు, గుంపులు, నది అంటూ ఒక్కో సంగతినీ పట్టుకుని నడుస్తుంది. లండన్‌కు నిప్పు అలవాటే అన్న భావన ఇందులో బాగా పడుతుంది. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ల మీద తిరగబడ్డ బుడీకా రాణి తగలబెట్టిన ఊరు అదే. 1087లో సెయింట్ పాల్స్ చర్చి కాలింది, 1212లో మళ్లీ అంటుకుంది, 1666 సరేసరి, 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ బాంబులకు నడి ఊరంతా మండింది. పిల్లల పాటలు, వీధి కేకలు, మొక్కులు, మూఢనమ్మకాలు, నాటకాలు కావాలంటే దీన్ని మించింది లేదు. చదువుతుంటే నాకు మన 'క్రీడాభిరామం' గుర్తుకొచ్చింది. మంచనశర్మ, టిట్టిభసెట్టి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఓరుగల్లు వీధులన్నీ తిరిగినట్టే ఆక్రాయిడ్ కూడా లండన్ వీధులు తిప్పుతాడు.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆయన ఏ ఒక్క రోజు దగ్గరా ఆగడు. మంటల మధ్యలో నిలబడ్డాం అనుకునేలోపు మరో శతాబ్దానికి లాక్కుపోతాడు. ఇంతకుముందు ఏదీ చదవనివాళ్లు ఏది ఎప్పుడు జరిగిందో పోల్చుకోలేరు. లండన్ పోయి ఒక ఏడాది ఉన్నాక చదివితే దీని రుచి తెలుస్తుంది. వెళ్లే ముందు వద్దంటాను.

టినిస్‌వుడ్ పుస్తకం 2003లో వచ్చింది. మంటల కథ ఒక్కటే కావాలి, పొద్దూ రాత్రీ వరసగా కావాలి అనేవాళ్లకు ఇది చాలా మంచి పుస్తకం. ఏ గంటకు మంట ఏ వీధి దాటిందో, మంట పాకకుండా పరిగెత్తి ఇళ్లు కూలగొట్టించాల్సిన మేయర్ థామస్ బ్లడ్‌వర్త్ ఎందుకు వెనకాడాడో వేలు పట్టి చూపిస్తుంది. నాకు మాత్రం ఇందులో ఎక్కువ నచ్చింది మంటలు ఆరాక జరిగిన కథ.

రాబర్ట్ హ్యూబర్ట్ అని ఒక ఫ్రెంచి గడియారాల పనివాడు, నిప్పు పెట్టింది నేనే అని ఒప్పుకున్నాడు. మతి సరిగా లేనివాడు. చెప్పిన మాటకూ చెప్పిన మాటకూ పొంతన లేదు. అయినా ఆ అక్టోబరులోనే ఉరి తీశారు. నిప్పు మొదలైన రెండు రోజులకు గానీ అతను లండన్‌లో అడుగే పెట్టలేదని తర్వాత తేలింది. మంటలు రేగుతుండగానే వీధుల్లో ఫ్రెంచివాళ్లనూ డచ్చివాళ్లనూ పట్టుకుని కొట్టారు. ఆ నిప్పు గుర్తుగా కట్టిన 202 అడుగుల స్తంభం మీద, ఇదంతా క్యాథలిక్కుల పనేనని 1681లో చెక్కించారు. ఆ అబద్ధం చివరికి 1830లో గానీ పోలేదు. పెద్ద నష్టం జరిగిన ప్రతిచోటా ఊరు ముందు పరాయివాడి కోసమే వెతుకుతుంది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అద్దెల గొడవ ఇంకొకటి. ఇల్లు బూడిదైపోయింది, కానీ కౌలు కాగితం ప్రకారం అద్దెకున్నవాడే మళ్లీ కట్టాలి, అద్దె కూడా కడుతూనే ఉండాలి. వరంగల్‌లో కొట్టు అద్దెకు తీసుకుని నడిపే ఎవరినైనా అడగండి, ఇది ఎంత పెద్ద దెబ్బో చెప్తారు. ఈ తగాదాలు తీర్చడానికి ఫైర్ కోర్టు అని విడిగా పెట్టారు. అక్కడి జడ్జీలు జీతం తీసుకోకుండా కూర్చుని, ఎవరు ఎంత మోయగలరో చూసి పంచారు. అంత పెద్ద ఊరు అంత తొందరగా మళ్లీ లేచిందంటే ఇటుకా రాయీ ఎంత కారణమో ఈ కోర్టూ అంతే కారణం.

పరీక్షకు చదివేవాళ్లు, వ్యాసం రాయాల్సినవాళ్లు ఇక్కడితో ఆగి టినిస్‌వుడ్ తీసుకోవచ్చు. మోసపోరు.

నా మనసు మాత్రం పీప్స్ డైరీ మీదే ఉంది. దానికి నాకున్న కారణం ఒక్కటే. మిగతా పుస్తకాలన్నీ కథ ఎలా ముగుస్తుందో తెలిసినవాళ్లు రాసినవి. పీప్స్‌కు రేపు తన ఇల్లు ఉంటుందో లేదో తెలియదు.

ఆయన నౌకాదళం ఆఫీసులో గుమాస్తా స్థాయి దాటిన అధికారి. సీదింగ్ లేన్‌లో కాపురం. ఆ ఆదివారం తెల్లవారుజామున మూడింటికి పనిమనిషి జేన్ లేపి ఊళ్లో మంట కనపడుతోందని చెప్తుంది. లేచి కిటికీలోంచి చూస్తాడు. చాలా దూరంలో ఉందిలే అనుకుని మళ్లీ పడుకుంటాడు. ఈ ఒక్క వాక్యం ఏ చరిత్రకారుడికీ దొరకదు. తెల్లారాక నది మీద పడవలో పోతూ, ఇళ్లు వదలలేని పావురాలు కిటికీల చుట్టూ తిరిగి తిరిగి, రెక్కలు కాలి పడిపోవడం చూస్తాడు. రాజు దగ్గరికి పోయి చెప్తాడు. ఇళ్లు కూలగొట్టమన్న రాజు మాట మోసుకొచ్చి మేయర్‌ను కలిస్తే, ఆయన మెడకు రుమాలు చుట్టుకుని, ఓపిక అయిపోయి, జనం నా మాట వినడం లేదని వాపోతాడు. మర్నాడు తెల్లవారకముందే పీప్స్ రాత్రి బట్టల మీదే బండెక్కి డబ్బూ వెండీ ఊరి బయటికి చేరుస్తాడు. మంగళవారం పెరట్లో గొయ్యి తవ్వి వైన్‌నూ, పార్మెజాన్ జున్నునూ పూడ్చిపెడతాడు.

జున్ను గురించి చదివి నవ్వేవాళ్లను చూశాను. నాకు నవ్వు రాదు. నా పదో ఏట మా వాడ వెనక ఒక పత్తి గోడౌన్ అంటుకుంది. మొదట లేచింది మా నాయన. డాబా ఎక్కి చూసి, "రైలు కట్ట అవతల, మనదాకా రాదు" అని మళ్లీ మంచం మీద వాలాడు. అరగంటకు గాలి తిరిగింది. కాలుతున్న పత్తి పింజలు ఎర్రగా ఎగిరొచ్చి మా పెంకుల మీద పడ్డాయి. అందరం బయటికి ఉరికాం. బీరువాలో ఇంటి కాగితాలున్నాయి, మా అమ్మ పుస్తెలతాడు కుదువ విడిపించి వారమే అయింది. ఆమె మాత్రం ఆ ఏడు పెట్టిన మామిడికాయ తొక్కు జాడీని రెండు చేతులా పొట్టకు హత్తుకుని వచ్చింది. మూతి మీది గుడ్డకు నూనె అంటి ఉంది, దాని మీద బూడిద పడి నల్లగా అయింది. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినేది అందులోనే ఉంది మరి. మా ఇల్లు కాలలేదు. పత్తి బేళ్లు మాత్రం నీళ్లు కొట్టినా లోపల లోపల కాలుతూ రోజుల తరబడి పొగ వదిలాయి. తర్వాత చాలా నెలలు మా అమ్మ పొయ్యిలో నిప్పు ఆరిందో లేదో రెండుసార్లు చూడందే పడుకోలేదు.

అందుకే డైరీలో నేను మొదట తెరిచే పేజీ సెప్టెంబరుది కాదు. 1667 ఫిబ్రవరి 28. మంటలు ఆరి ఆరు నెలలు కావస్తోంది. ఊళ్లో ఇంకా పొగ కనపడుతోందని రాసి, నిప్పు భయంతో తనకు రాత్రుళ్లు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదని, ఆ రాత్రి కూడా దాదాపు రెండింటి దాకా మేలుకునే ఉన్నానని రాసుకుంటాడు. ఇల్లు కాలలేదు, ఉద్యోగం పోలేదు, పైగా రాజు దగ్గర పేరొచ్చింది. అయినా నిద్ర పట్టలేదు. ఆక్రాయిడ్ 800 పేజీలూ చదివినా ఇంత దగ్గరగా తగలదు.

ఓరుగల్లులో పుట్టినవాడికి ఇది ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది. 1323లో కోట పడిపోయింది. ఊళ్లో అంతకన్నా పెద్ద రోజు లేదు. ఆ రోజు గురించి మనకు దొరికేవి ఢిల్లీ వైపు రాసిన పారశీక చరిత్రలు. మన వైపు నుంచి, కొన్నేళ్లకు ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనంలో ఆనాటి బాధ సంస్కృత శ్లోకాల్లో కనపడుతుంది. క్రీడాభిరామం కోట పడిన ఎన్నో ఏళ్ల తర్వాతిది. మట్టికోట లోపల కాపురమున్న ఒక చిన్న ఉద్యోగి, ఆ రాత్రి ఏం వినపడిందో, ఇంట్లో ఏది ముందు ఎత్తుకున్నాడో రాసిపెట్టిన కాగితం మనకు లేదు. కీర్తితోరణాల మధ్య నడిచినప్పుడల్లా నాకు ఆ లోటే గుర్తొస్తుంది. లండన్‌కు ఆ కాగితం ఉంది. ఉన్నప్పుడు ముందు దాన్నే చదవాలి.

పీప్స్‌లో ఒప్పుకోవాల్సిన లోపాలున్నాయి. లంచాలు తీసుకున్నాడు, ఇంట్లో పనిచేసే ఆడపిల్లలతో తప్పుగా నడుచుకున్నాడు, అవన్నీ తన చేత్తోనే రాసుకున్నాడు. ఆ పేజీలు చదవడం కష్టంగా ఉంటుంది. పైగా డైరీ మొత్తం 1660 నుంచి 1669 దాకా నడుస్తుంది. లాథమ్, మాథ్యూస్ సంపాదకత్వంలో వచ్చిన పూర్తి ముద్రణ 11 సంపుటాలు. అంతా కొనక్కర్లేదు. 1666 ఒక్కటే కావాలంటే ఏడో సంపుటం. లేదంటే ఒక్క సంపుటానికి కుదించినవి దొరుకుతాయి. 1893లో మొదలైన వీట్లీ ముద్రణ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది గానీ, అందులో సభ్యంగా లేవనుకున్న చోట్లు తీసేశారు. మంటల భాగానికి అదైనా చాలు.

ఇక మిగిలినవి. జాన్ ఈవ్లిన్ డైరీలో సెయింట్ పాల్స్ రాళ్లు పేలి ఎగరడం, పైకప్పు సీసం కరిగి వీధుల్లో పారడం గొప్పగా ఉంటుంది, కానీ అది తర్వాత సరిచేసి రాసుకున్న రాత. 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డీఫో పుస్తకం 1665 నాటి లండన్ ప్లేగు మీద, అదీ 57 ఏళ్ల తర్వాత రాసింది. మంటలే ప్లేగును తరిమేశాయి అనే మాట నమ్మి దాన్ని తెరవకండి. ప్లేగు అప్పటికే తగ్గింది, అది ఎక్కువగా పాకిన ఊరి గోడ బయటి పేద వాడల్లో చాలా భాగం కాలనే లేదు. వాల్టర్ బెల్ 1920 నాటి పుస్తకం వివరాలకు మంచిది. నీల్ హాన్సన్ పుస్తకంలో చచ్చిపోయినవాళ్ల లెక్క మీద అనుమానాలు చదవదగ్గవి.

ఇంతా చెప్పాక మావాడు, "అయితే పీప్సే ఖాయమా మామా?" అన్నాడు. ఖాయమే అన్నాను. దిగిన వారంలోపు సీదింగ్ లేన్ మూలన ఉన్న సెయింట్ ఒలేవ్ చర్చికి పొమ్మన్నాను. మంట దాని దగ్గరి దాకా వచ్చి ఆగింది. పీప్స్, ఆయన భార్య ఎలిజబెత్ సమాధులు అందులోనే ఉన్నాయి.

"చదవాల్సిన తేదీలు రాసియ్యి, మర్చిపోత" అన్నాడు. కుదించిన నా కాపీనే తీసి, మొదటి పేజీ మీద పెన్సిల్‌తో రాసిచ్చాను: 1666 సెప్టెంబరు 2 నుంచి 7 దాకా. దాని కింద, 1667 ఫిబ్రవరి 28.