మూలలదాకా పదును: కెనాన్ 16-35 మి.మీ. ఎఫ్/4

ప్రకృతి దృశ్యాలు తీసేవారికి వైడ్ యాంగిల్ లెన్సు ఎంపికలో అసలు పరీక్ష ఫ్రేము మధ్యలో ఉండదు, మూలల్లో ఉంటుంది. నా పాత జూమ్ లెన్సుతో తీసిన చిత్రాలను తెరపై నూరు శాతానికి పెంచి చూస్తే, నడిమి బండరాయి మీది పగుళ్లు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండేవి కానీ, ఎడమవైపు కింది మూలలోని గడ్డి మాత్రం తడిగుడ్డతో అలికినట్లు కనిపించేది.

అందుకే 2014లో వచ్చిన కెనాన్ 16-35 మి.మీ. ఎఫ్/4 ఎల్ ఐఎస్‌కు మారాను. ఎఫ్/8 దగ్గర (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సులో కాంతి వచ్చే రంధ్రం చిన్నదవుతుంది), అత్యంత విశాలంగా చూపే 16 మి.మీ.లో సైతం, అదే మూలలో గడ్డిపోచలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎఫ్/2.8 లెన్సు తీసుకోవాలా అని చాలాకాలం ఊగిసలాడాను గానీ, ట్రైపాడ్ మీద ఎఫ్/8, ఎఫ్/11లలోనే పనిచేసేవారికి (రాత్రి ఆకాశం తీసేవారి సంగతి వేరు) ఆ అదనపు స్టాప్, అంటే రెట్టింపు కాంతి, సంచిలో బరువుగానే మిగులుతుంది. 77 మి.మీ. ఫిల్టర్లను నేరుగా బిగించుకోవచ్చు. ముందు గాజు బుడగలా ఉబ్బి ఉండే లెన్సులతో ఇది సాధారణంగా కుదరదు. ఎఫ్/16 దాటాక కనిపించే మెత్తదనం వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి వంగి వ్యాపించడం) వల్ల వచ్చేదే కనుక దానిని లోపంగా లెక్కించలేదు.

ఏ లెన్సు కొన్నా చేతికొచ్చిన వెంటనే పరీక్షించండి. ట్రైపాడ్ మీద, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజరు ఆపి, దూరపు దృశ్యాన్ని లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెరపై) పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, రెండు సెకన్ల టైమరుతో తీసిన చిత్రంలో నాలుగు మూలలనూ పోల్చాలి. మూడు పదునుగా ఉండి ఒక్కటే మసకగా ఉంటే, లోపలి గాజు పక్కకు ఒరిగిందని అనుమానించి, వాపసు గడువు దాటకముందే మార్పించుకోవాలి.