కొత్త కొలువులో ఇంటి లోన్: ఇప్పుడే పెట్టాలా, ఆరు నెలలు ఆగాలా?

మీరు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) ఒక ఫార్మా కంపెనీ మానేసి ఇంకో దాంట్లో చేరి రెండు నెలలైందనుకోండి. ఇంతలో జడ్చర్లలో 35 లక్షలకు ఇల్లు కుదిరింది. బ్యాంకుకు ఇప్పుడే పోవాలా, ప్రొబేషన్ అయ్యేదాకా ఆగాలా, లేక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ తలుపు తట్టాలా?

బ్యాంకు చూసేది చేరిన తేదీ ఒక్కటే కాదు, కొలువుల మధ్య గ్యాప్ కూడా. అదే లైన్‌లో రెండేళ్ల అనుభవం ఉండి, నెల కూడా ఖాళీ లేకుండా మారినవారికి ప్రొబేషన్ అయ్యేదాకా ఆగకుండా జీతం పడే బ్యాంకులోనే పెట్టుకోవడం మేలు. రిలీవింగ్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, రెండేళ్ల ఫారం-16, ఆరు నెలల స్టేట్‌మెంట్ ఇవ్వాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో పాత, కొత్త కంపెనీలు ఒకే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) కింద కనబడితే సగం అనుమానం అక్కడే తీరుతుంది. చాలాచోట్ల మూడు నెలల స్లిప్పులు అడుగుతారు. నెల మధ్యలో చేరితే మొదటి స్లిప్పులో సగం జీతమే ఉంటుంది, సగటు తగ్గుతుంది. అందుకే పూర్తి జీతం స్లిప్పులు మూడు చేతికొచ్చాకే ఫైలు పెట్టండి.

ఆగాల్సింది ఎవరంటే లైన్ మారినవారు, మధ్యలో మూడు నాలుగు నెలలు ఖాళీగా ఉన్నవారు, జీతంలో ఇన్సెంటివ్‌ల వాటా ఎక్కువున్నవారు. కన్ఫర్మేషన్ లెటర్ వస్తే వీళ్ల మాటకు బలం వస్తుంది. ఆగే కాలంలో బండి లోన్ తీర్చేయండి. లెక్క చూడండి: చేతికి 55,000 వస్తే, కిస్తీలన్నీ సగం దాటొద్దనుకుంటే 27,500. బండి కిస్తీ 4,000 పోతే మిగిలేది 23,500. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్షకు నెలకు కిస్తీ సుమారు 868, అంటే ఆ 23,500కు 27 లక్షల లోన్ వస్తుంది. బండి కిస్తీ లేకపోతే 31 లక్షలు దాటుతుంది. నాలుగు వేల కిస్తీ నాలుగున్నర లక్షల లోన్‌ను మింగేస్తోందన్నమాట.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు కొత్త కొలువైనా త్వరగా ఒప్పుకుంటాయి, కాని వడ్డీ ఎక్కువ. ఒక్క శాతం తేడా పడితే 27 లక్షలపై నెలకు 1,700 పైన. బ్యాంకుల ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) రేటు 2019 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపడి ఉంది. ఈ కంపెనీలు తమ సొంత రేటు పెట్టుకుంటాయి, రెపో తగ్గినా వెంటనే తగ్గించవు. ఏడాది తర్వాత బ్యాంకుకు మార్చుకుందామనుకుంటే ఫ్లోటింగ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు గానీ, ప్రాసెసింగ్, లీగల్, ఎంఓడీ (ఇంటి పత్రాలు తాకట్టు పెట్టినట్టు రాసే కాగితం) ఖర్చులు మళ్లీ పడతాయి. అమ్మేవారు నిజంగా తొందరపెడితే తప్ప ఈ దారి వద్దు.

భార్య టీచరో, ఇంకేదైనా పర్మనెంట్ కొలువులోనో ఉంటే ఆమెను సహ దరఖాస్తుదారుగా చేర్చడం వీటన్నింటికన్నా తేలిక. నాయన పేరు చేర్చితే ఆయన వయసును బట్టి గడువు తగ్గి కిస్తీ పెరగొచ్చు. పేరు చేరినవారు కిస్తీ తప్పితే బాధ్యులే, వాళ్ల సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కట్టారా అని చూపే మార్కు) కూడా దెబ్బతింటుంది. ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో అప్లై చేయడం కూడా సిబిల్‌కు మంచిది కాదు.

కొలువు సంగతి సర్దుకున్నా కాగితాల దగ్గర ఫైలు ఆగుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టూ పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లు చాలా ఉన్నాయి. డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి గాని, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ గాని లేకపోతే లీగల్ పరిశీలనలోనే తిరస్కరిస్తారు. లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) ముందే తీయించండి. రిజిస్ట్రేషన్‌కు మున్సిపాలిటీలో ఏడున్నర శాతం, అంటే 35 లక్షలకు 2,62,500 మీ చేతి నుంచే పోవాలి. లోన్‌లో అది కలవదు.

బయానా కాగితంలో ‘లోన్ రాకపోతే బయానా వాపస్’ అని రాయించి, గడువు నాలుగు నెలలు పెట్టించుకోండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే బయానా మొత్తమే తగ్గించండి.