ఆపరేషనై ఏళ్లయినా వదలని నొప్పి: ఫిజియోథెరపీయా, ఇంజెక్షనా?

నాకు నడుములో ఎల్4-ఎల్5 డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయి 6 ఏళ్లు. గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో కూర్చుంటే చాలు, మంగళగిరి వచ్చేసరికి ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా తీగ పట్టి లాగినట్టుంటుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరు వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నారు, ఇంకొకరు ఫిజియోథెరపీ అన్నారు. రెండూ అయ్యాయి.

ఖర్చు: ఇంజెక్షన్‌కి ఒక్కసారే వేలు. ఫిజియోకి రోజూ వందలే, కానీ ఆటో చార్జీలూ కలుపుకోండి.

శ్రమ: ఇంజెక్షన్ అయితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి. ఫిజియో వారాల తరబడి, ఇంట్లోనూ చేయాలి. చాప మీద వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం మొదటివారం నాలుగుసార్లు కూడా నావల్ల కాలేదు. మే ఎండల్లో మానేశాను కూడా, అబద్ధమెందుకు!

ఫలితం: ఇంజెక్షన్ పనిచేస్తే ఊరట కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉంటుంది. అదీ కాల్లోకి లాగే నరం నొప్పికే. ఒట్టి నడుంనొప్పికి అంతంతమాత్రం. ఫిజియో నిదానం, మానేస్తే మళ్లీ మొదటికే.

రిస్క్: ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు షుగర్ పెరగొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఫిజియోలో రిస్క్ తక్కువ.

కాలు లాగి నిద్రే పట్టకపోతే ముందు ఇంజెక్షన్, ఆ ఊరటలో వ్యాయామం మొదలుపెట్టండి. నడుం బిగుతే ప్రధానమైతే, లేదా షుగర్ అదుపులో లేకపోతే ఫిజియోకే నా ఓటు. మూత్రం పట్టు తప్పినా, పాదం వాలిపోయినా ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే ఆస్పత్రికి.