కౌలు రైతుల కాగితాలు వెతకడానికి గూగుల్: నా రివ్యూ

మా నర్సంపేట దిక్కు పత్తి, మిర్చి వేసేవాళ్లలో కౌలుకు చేసేవాళ్లు చాలామందే. 2018లో రైతుబంధు వస్తే డబ్బులు పట్టాదారు ఖాతాలో పడ్డాయి. అదే ఏడాది వచ్చిన రైతు బీమా, ఆ ఐదు లక్షలు కూడా పట్టా ఉన్నవాళ్లకే. కౌలు చేసే మనిషి చనిపోతే, ఆయన పేరున పట్టా లేదని ఇంటివాళ్లకు ఆ బీమా రాదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దీని మీద మా రైతు సంఘం తరఫున కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రం నేనే రాస్తున్నాను. సమాచారమంతా గూగుల్‌లో వెతికాను.

'కౌలు రైతులు' అని తెలుగులో కొడితే పేపర్ వార్తలు, నాయకుల హామీలు వస్తాయి. అవీ అవసరమే, కానీ ఆఫీసర్ ముందు పెట్టడానికి చాలవు. అసలు సరుకంతా వేరే పేర్ల కింద ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన చట్టం పేరులో ఉన్నది 'లైసెన్స్‌డ్ కల్టివేటర్స్'. ఆ మాటతో వెతికితే చట్టం దొరికింది, దాంతోపాటే 'లోన్ ఎలిజిబిలిటీ కార్డ్' (కౌలు రైతుకు బ్యాంకు అప్పు కోసం ఇచ్చే కార్డు) అనే మాట తెలిసింది. ఆ కార్డు పేరు కొడితే బ్యాంకుల సంగతి బయటపడింది. రిజర్వ్ బ్యాంక్, నాబార్డ్ కాగితాల్లో మనవాళ్లు 'ఓరల్ లెస్సీ' (నోటిమాట మీద కౌలు చేసేవాళ్లు), 'షేర్ క్రాపర్' (పంటలో వాటాకు చేసేవాళ్లు). జాతీయ నమూనా సర్వేలో కౌలుకు తీసుకున్నది 'లీజ్డ్ ఇన్' భూమి. నీతి ఆయోగ్ 2016లో ఇచ్చిన నమూనా చట్టం 'ల్యాండ్ లీజింగ్' పేరుతో ఉంది. దొరికిన ప్రతి కాగితంలోంచి కొత్త మాటను నోట్‌బుక్‌లో రాసుకుని మళ్లీ దాంతో వెతకాలి. ఒకే మాట పట్టుకుని పదో పేజీ దాకా పోవడం కంటే ఇది ఎంతో నయం.

రెండు మూడు మాటలను కలిపి ఒకే పేరుగా వెతకాలంటే కోట్స్‌లో పెట్టండి. పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే ఇంగ్లీషులో ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేర్చండి. అక్కర్లేని మాట ముందు మైనస్ పెడితే ఆ మాట ఉన్న పేజీలు పోతాయి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది, అది తెలంగాణలో వర్తించదు. ఆ ఫలితాలు అడ్డం వస్తున్నాయని 'ఆంధ్ర'కు మైనస్ పెడితే మనకు కావలసిన 2011 చట్టమూ మాయమవుతుంది, దాని పేరులోనూ ఆంధ్రప్రదేశ్ ఉంది కదా! ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు పేరు ఇంగ్లీషులో పొట్టిగా సీసీఆర్‌సీ. మైనస్ దానికి పెట్టండి.

పైన వచ్చే ఏఐ సారాంశాన్ని వినతిపత్రంలోకి ఎక్కించకండి. ఏ రాష్ట్రం, ఏ ఏడాది అన్నది అసలు కాగితం తెరిచి చూసుకోవాల్సిందే.

తెలుగు జీవోల దగ్గర మాత్రం పని కష్టం. కాగితాన్ని ఫొటో తీసినట్టు స్కాన్ చేసి పెట్టినవి ఉంటాయి, లోపలి అక్షరాలు చాలాసార్లు వెతుకులాటకు అందవు. అలాంటప్పుడు జీవో నంబర్, తేదీ, శాఖ పేరుతో వెతకండి.

ఇంగ్లీషు కాగితాలకు ఐదుకు నాలుగున్నర ఇస్తా, తెలుగుకు రెండున్నర. గ్రామాల్లో పనిచేసే సంఘాల వాళ్లు తప్పకుండా వాడాలి, పైసా ఖర్చు లేదు. నా నోట్‌బుక్‌లో ఇంకా వెతకని మాటలు రెండున్నాయి: 'జాయింట్ లయబిలిటీ గ్రూప్', 'క్రాప్ బుకింగ్'. యాసంగి పనులు మొదలయ్యేలోపు వాటి సంగతీ చూడాలి.