మూడేళ్లు వాడిన కథాచీట్ల డబ్బా

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న డబ్బా ఇది. 100 చీట్లు, ఒక్కోదాని మీద కథ రాయడానికి ఒక ప్రాంప్ట్, అంటే చిన్న సూచన. తిరుపతిలో మా మిద్దె మీద ప్రతి ఆదివారం ఆరేడుగురం కూర్చుని, ఒక చీటీ తీసి, 40 నిమిషాలు రాస్తాం. మూత ఎప్పుడో ఊడిపోయింది కానీ అట్ట మాత్రం గట్టిదే.

మా గొడవంతా చీట్లలోని మాటలతోనే. సగం మరీ వదులు. ‘స్వేచ్ఛ గురించి రాయండి’ అని వచ్చిన రోజు అందరం చిలకనూ పంజరాన్నీ పట్టుకొచ్చాం. అచ్చం పదో తరగతి వ్యాసాలు. కొన్నేమో మరీ బిగువు: వానరాత్రి, పాత గడియారం, విడిపోయిన అన్నదమ్ములు, చివర్లో కలిసిపోవాలి. అది చదివి మాలో ఒకమ్మాయి, “కథంతా వాళ్లే చెప్పేసినారు, ఇంక నేను రాసేదానికి ఏముందక్కా?” అని పెన్ను మూసేసింది.

ఎంత ఇవ్వాలి, ఎంత వదిలేయాలి అన్న ఈ కొలత అవధానం చూసినవాళ్లకు కొత్తేం కాదు. అందులో ‘సమస్య’ అనే అంశంలో పద్యం చివరి పాదం ఒక్కటే ఇస్తారు, అదీ అడ్డగోలుగా వినిపించేది. పై మూడు పాదాలూ కవివే. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి పద్యం అల్లమంటారు.

రెండో ఏడాది నుంచి మేమూ చీట్ల వెనక పెన్సిల్‌తో సొంతవి రాసుకుంటున్నాం. అన్నిట్లోకీ బాగా పనిచేసింది ఇది: ‘అలిపిరి కౌంటర్‌లో ఇచ్చిన బ్యాగు కొండమీద తీసుకుని విప్పితే, అది మీది కాదు.’ ఎవరిదో, లోపల ఏముందో చెప్పలేదు. ఒకాయన అందులో శుభలేఖల కట్ట పెట్టారు. ఇంకొకావిడ పసిబిడ్డ గౌను, గుండుకు రాసే గంధం పొట్లం పెట్టింది. ఆమె కథలో పిల్లల్లేని మనిషి ఆ బ్యాగు తిరిగిచ్చేయడానికి మనసొప్పక, ఒళ్లో పెట్టుకుని గంటసేపు అక్కడే కూర్చుంటుంది. చదవడం అయ్యాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

వదులు చీట్లు పూర్తిగా దండగ అనను. మాలో ఒక పెద్దాయనకు ‘వేసవి’ అన్న ఒక్క మాట చాలింది. చిత్తూరు వైపు మామిడి రైతు కాయల లోడుతో మండీ బయట పడిగాపులు పడిన రాత్రి గురించి రాశారు. అయినా కడుపులో అంత పెట్టుకున్న మనిషికి చీటీ ఎందుకు?

కొత్తగా రాసేవాళ్లు కొనుక్కోవచ్చు, పెన్సిల్ మాత్రం దగ్గర పెట్టుకోండి. 5కు 3 స్టార్లు. ఆ అన్నదమ్ముల చీటీని మేమిప్పుడు టీ గ్లాసు కింద వేస్తున్నాం.